వీపు పరీక్ష

ప్రెస్ మీది గదులు,
జూన్ 18.

చెల్లీ,

నీ ఉత్తరంలో మొదటి రెండు పేజీలూ తిట్లే. ఫోన్ ఎందుకు ఎత్తనని, ఉన్నానా పోయానా అని, ఈ రోజుల్లో ఉత్తరాలు రాసుకునేది కోర్టువాళ్ళూ మనమూ తప్ప ఎవరూ లేరని. అన్నీ చదివాను. నిక్షేపంగా ఉన్నాను. కింద ప్రెస్సులో మిషన్ తిరుగుతుంటే ఫోన్‌లో ఏం వినబడుతుంది చెప్పు? ఇంటికెళ్తే మీ బావ టీవీ. ఆ సౌండు గురించి మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. ఈమధ్య ఆయన ప్రతిదానికీ అరుస్తున్నారు. ఒకటికి రెండుసార్లు అడిగితే చాలు, ఇంతెత్తున లేస్తారు. రిటైరైన మగవాళ్ళంతా ఇలాగే తయారవుతారేమో. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకోవచ్చు, ఎవరూ అరవరు.

బడి సంగతులు అడిగావు. ఇప్పుడు పంతొమ్మిది మంది. ముందు గదిలో చిన్నపిల్లలతో చిన్న టీచరు, వెనక గదిలో పెద్దవాళ్ళతో నేను. పిల్లలు ఇప్పటికీ చెప్పులు విప్పి, పాదాలు నేలకి ఆనించి కూర్చుంటారు. చెవులు వినబడని పిల్లలు కదా, కింద మిషన్ తిరిగేది వాళ్ళకి కాళ్ళతోనే తెలుస్తుంది. అది ఆగితే అందరం ఒక్కసారే తలలెత్తుతాం. మీ ట్రస్టు ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు పోయినసారి అది చూసి ఫోటో తీసుకున్నాడు. ఇంకో ఫోటో కూడా తీశాడు, బొత్తాం నా గొంతు మీద చెయ్యి పెట్టి అక్షరం పట్టుకుంటున్నప్పుడు. పట్టుకోవడమంటే అంతే, నా గొంతు ఎలా అదురుతుందో చూసి తన గొంతు అలా అదిరించాలి. ఒక్కో అక్షరానికి ఒక్కోసారి నెల పడుతుంది.

బొత్తాం అంటే గుర్తుందిగా, గౌను పైబొత్తాం ఎప్పుడూ నోట్లో పెట్టుకునే పిల్ల. వాళ్ళమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఇప్పుడు బొత్తానికి పదేళ్ళు. నేనన్నది చక్కగా అర్థం చేసుకుంటుంది, నాకు చక్కగా బదులు చెబుతుంది. కానీ మామూలు బడికి పంపడానికి ఇంకో ఏడాది కావాలి. మీ ఫారంలో పంపినవాళ్ళ లెక్క పదకొండు దగ్గర ఆగిందని నాకూ తెలుసు. ఈ ఏటికి పదకొండే అనుకో.

అలిసిపోయాను చెల్లీ. పిల్లల వల్ల కాదు. సాయంత్రమయ్యేసరికి కళ్ళు లాగేస్తున్నాయి. అద్దాలు మార్చాలేమో.

మీ అక్క.


ట్రస్టు ఆఫీసు, ఆరో అంతస్తు,
జూన్ 27.

అక్కా,

ఈ నెలలో పద్నాలుగు సెంటర్లు తిరిగాను. ఒకచోట మేం పెట్టించిన లైబ్రరీకి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి వెళ్ళాడట. కిటికీలోంచి చూస్తే పుస్తకాలకి ఒక్క అట్ట కూడా నలగలేదు. ఫారంలో మాత్రం నెలకి నాలుగొందల మంది చదువుతున్నారని ఉంది. ఇంకోచోట ఒకావిడ ముప్పైమంది ఆడవాళ్ళకి చదవడం రాయడం నేర్పుతోంది. నా కళ్ళముందే ఒక ముసలామె బస్సు బోర్డు చదివి ఏడ్చింది. ఆవిడకి ఫారం నింపడం రాదు. అందుకని మా లెక్కలో ఆ సెంటర్ లేనట్టే. పన్నెండేళ్ళ కిందట ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఏదో ఉద్ధరిస్తాననుకున్నాను. ఇప్పుడు గడులు నింపని వాళ్ళకి ఫోన్లు చెయ్యడమే నా పని.

అందులో నువ్వొకదానివి, ఫోన్ కూడా ఎత్తవు.

అసలు విషయం. సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. మీ బడికి ఇంకో అయిదేళ్ళు సాయం చెయ్యాలా వద్దా అనేది అప్పుడే. అంటే చిన్న టీచరు జీతం, పిల్లల చెవి మిషన్లు, వాటి బ్యాటరీలు, గదుల అద్దె అన్నీ. మూడేళ్ళలో పన్నెండు మందిని మామూలు బడికి పంపుతామని కాగితం మీద ఉంది. పదకొండంటే పంపలేదనే అర్థం ఇక్కడ. నువ్వు మా అక్కవని అందరికీ తెలుసు కాబట్టి నీ ఫైలుని భూతద్దం పెట్టి చూస్తారు. నేను నోరెత్తలేను.

బొత్తాం సంగతి ఇంకోసారి ఆలోచించు. ఏడాది కావాలన్నావు. నీకు ఎప్పుడూ ఇంకో ఏడాది కావాలి. నాకు సైకిల్ నేర్పేటప్పుడు కూడా అంతే, వీధి చివరిదాకా సీటు పట్టుకుని పరిగెత్తుకొచ్చేదానివి. నాకు ఎప్పుడో వచ్చేసింది, నువ్వే వదల్లేదు.

లేనిది రాయమనడం లేదు. వీపు పరీక్ష పెట్టి చూడు. ఆ పరీక్ష నువ్వు కనిపెట్టిందే కదా, నీ దగ్గర్నుంచే మా ఫారంలోకి ఎక్కింది. పిల్ల కార్డులు చూసి పది మాటలు చదవాలి, టీచరు పిల్లకి వీపు పెట్టి కూర్చుని విన్నది విన్నట్టు పలక మీద రాయాలి, ఎనిమిది కలిస్తే పాసు. దానికి మించిన పరీక్ష నేనైతే ఎక్కడా చూడలేదు. పాసైతే పంపు. తప్పితే రాయి, నేనిక్కడ ఏదో ఏడుస్తాను.

నీ చెల్లి.


ప్రెస్ మీది గదులు,
జూలై 20.

చెల్లీ,

పరీక్ష పెట్టాను. పదికి తొమ్మిది. ఫారం దీంతోపాటు పంపుతున్నాను.

సోమవారం బొత్తాన్ని మామూలు బడిలో చేర్చారు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నేను కూడా గేటు దాకా వెళ్ళాను. పెద్ద బడి, ఒక్కో తరగతిలో యాభైమంది. బొత్తాం లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి ఏదో అంది. అంత దూరంలో కూడా నాకు అర్థమైంది, "టీచర్, వెళ్ళొస్తా" అని. మూడేళ్ళ కిందట ఈ పిల్లకి తనకో పేరుందని కూడా తెలియదు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడం దేనికి.

తను కూర్చునే చాప మడిచి బీరువా మీద పెట్టాను. చిన్న టీచరు అది ఇంకో పిల్లకి ఇద్దామంది. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.

నీ పన్నెండు పూర్తయింది. ఇక నన్ను సైకిల్ మాటలతో పొడవకు.

మీ అక్క.


ట్రస్టు ఆఫీసు, ఆరో అంతస్తు,
సెప్టెంబరు 24.

అక్కా,

అయిదేళ్ళు! కమిటీలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. సంతకాలు డిసెంబరులో, వార్షిక సభ అయిన వెంటనే. చిన్న టీచరుకి చెప్పెయ్, పెళ్ళి సంబంధాలు చూసే వాళ్ళకి ఉద్యోగం గట్టిదేనని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇంకోటి విను. బొత్తాం నీ గొంతు మీద చెయ్యి పెట్టిన ఆ ఫోటో ఈసారి మా వార్షిక నివేదిక అట్ట మీదికి వెళ్తోంది. పెద్దాయన దాన్ని చాలాసేపు చూశారు. నీకు తెలుసుగా, రంగుల కంపెనీ పెట్టి సంపాదించిందాంట్లో సగం ఈ ట్రస్టులో పోసిన మనిషి. ఏడాదికోసారి సభకి వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు, ఉపన్యాసాలప్పుడు కునుకు తీస్తారు. పిల్లలెవరైనా మాట్లాడితే మాత్రం లేచి కూర్చుంటారు. ఈసారి ఈ పిల్ల నాలుగు మాటలు మాట్లాడితే వినాలని ఉందన్నారు. నాలుగంటే నాలుగే. పేరు, చదివే తరగతి, ఇష్టమైన పాఠం, నమస్కారం. నువ్వు పక్కన నిలబడితే చాలు.

ఈ సంతోషం నోటితో చెబుదామని నిన్న అయిదుసార్లు ఫోన్ చేశాను. అయిదుసార్లూ బావే ఎత్తి నువ్వు బాత్రూమ్‌లో ఉన్నావన్నారు. పోయిన నెలా బాత్రూమే. అంతకుముందు నెలా బాత్రూమే. నాతో ఏమైనా కోపమా? ఉంటే రాయి. లేకపోతే ఆ బాత్రూమ్‌లోనే ఒక ఫోన్ పెట్టించుకో.

నీ చెల్లి.


ప్రెస్ మీది గదులు,
అక్టోబరు 13.

చెల్లీ,

అయిదేళ్ళ సంగతి విని చిన్న టీచరు పిల్లలందరికీ మిఠాయి పంచింది. నా తరఫున పెద్దాయనకి కృతజ్ఞతలు చెప్పు.

సభకి రావడం బొత్తానికి కుదరదేమో. ఒంట్లో బాగోలేదు. చెవి మిషన్ కూడా సతాయిస్తోంది. పోయినేడు పంపిన పిల్లల్లో ఇద్దరు బాగా మాట్లాడతారు, వాళ్ళలో ఎవరినైనా తీసుకొస్తాను. పెద్దాయనకి ఎవరైనా ఒకటే కదా. అట్ట మీద ఫోటో కూడా మార్చగలిగితే మార్చు. అందులో నేను బాగా లేను, జుట్టంతా తెల్లగా పడింది.

నీతో నాకు కోపమేమిటి, పిచ్చిదానా.

మీ అక్క.


టూరు బంగళా, కింది గది,
అక్టోబరు 29.

అక్కా,

జుట్టు తెల్లగా పడిందని ఫోటో మార్చమనే మనిషివి కాదు నువ్వు. యాభైఆరేళ్ళలో ఒక్కసారి కూడా అద్దం ముందు అయిదు నిమిషాలు నిలబడలేదు. అందుకే ఈ టూరులో నీకు చెప్పకుండా బొత్తాం చదివే బడికి వెళ్ళాను. నీ దగ్గరికి రాకుండానే తిరిగి వచ్చేశాను. వస్తే ఏమంటానో నాకే భయం వేసింది.

ఒంట్లో శుభ్రంగా ఉంది. చెవి మిషన్ కూడా పనిచేస్తోంది. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చుంది. క్లాసు టీచరు మంచిదే, పాపం యాభైమందితో సతమతమవుతోంది. నేను ట్రస్టు నుంచి వచ్చానంటే, తిట్టడానికి వచ్చాననుకుని సంజాయిషీ మొదలుపెట్టింది. ఈ పిల్ల చేరి మూడు నెలలైంది, ఒక్క మాట కూడా బయటికి రాలేదంది. పిలిస్తే లేచి నిలబడుతుందట, నోరు తెరుస్తుందట, మూస్తుందట. పిల్లలు తనకి చేప అని పేరు పెట్టారు.

నేను బెంచీ మీద తన పక్కనే కూర్చుని నీ పేరేమిటమ్మా అని అడిగాను. చెప్పింది. పెదవులు ఎంత చక్కగా కదిలాయో, అక్షరం అక్షరం. శబ్దం లేదు, అక్కా. గాలి కూడా లేదు. ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి అలాగే చెప్పింది. తర్వాత నాకు అర్థం కావడం లేదని తనకి అర్థమై, బొత్తాం నోట్లో పెట్టుకుంది.

పదికి తొమ్మిది అని రాశావు. కింద సంతకం ఉంది. నీ సంతకం నాకు తెలుసు.

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఆ పరీక్ష పెట్టావా, పెట్టకుండా రాశావా? నేను పన్నెండు పన్నెండు అని ప్రాణం తీశాను కాబట్టి నా కోసం అబద్ధం రాశావా? అదే నిజమైతే ఆ పాపంలో సగం నాది, ఒప్పుకుంటాను. కానీ నాకు ఇంకా కష్టంగా ఉన్నదేమిటంటే, చిన్నప్పటి నుంచి ఈ లోకంలో అబద్ధం ఆడని మనిషి ఎవరంటే నిన్నే చూపిస్తూ వచ్చాను. ఆఫీసులో కూడా చూపించాను.

నిజం రాయి. నీళ్ళు నమలకు.

నీ చెల్లి.


ప్రెస్ మీది గదులు,
నవంబరు 6.

చెల్లీ,

అబద్ధం రాయలేదు. అబద్ధమైనా బాగుండేది.

పరీక్ష పెట్టాను. పది కార్డులూ ఇచ్చాను. పలక కూడా పట్టుకున్నాను. ఒక్కటే చెయ్యలేదు, వెనక్కి తిరగలేదు. బొత్తాం ఎదురుగా కూర్చుని, తన ముఖం చూస్తూ రాశాను. ఎందుకంటే వెనక్కి తిరిగితే నాకు ఎవరూ వినబడరు.

నాలుగేళ్ళయింది. ముందు పక్షులు పోయాయి. తర్వాత కుక్కరు కూత, గడియారం, కాలింగ్ బెల్లు. తర్వాత మీ బావ. ఆయన అరిచేది నాకు వినబడాలని. నేను ఉత్తరాల్లో నీకు ఆయన కోపిష్టి అని రాశాను, ఆయన ఆ నింద కూడా మోశారు. ఫోన్ ఎత్తి బాత్రూమ్ అని చెప్పమన్నది నేనే. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొచ్చేస్తాను. ఇరవైరెండేళ్ళు పిల్లలకి అదే నేర్పాను కదా, నాకంటే బాగా ఎవరికొస్తుంది? ఫోన్‌కి పెదవులుండవు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, తీసేస్తారని. మాటలు నేర్పే టీచరుకి వినబడదంటే ఎవరుంచుకుంటారు? ఈ రెండు గదులు తప్ప నాకు వేరే పని రాదు. భయపడ్డాను. అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు.

ఇప్పుడు బొత్తాం సంగతి. నేను అర్థం చేసుకున్నది ఇది. ఆ పిల్లకి గొంతు వచ్చింది. మొదటి ఏడాది నాకు కాస్త వినబడుతున్నప్పుడు విన్నాను కూడా. కానీ గొంతు పెట్టి మాట్లాడటం దానికి చాలా కష్టం, పైగా ఇంట్లో వాళ్ళ మామయ్య ఆ శబ్దం విని నవ్వేవాడట. నా దగ్గర గొంతు లేకుండా పెదవులు కదిపినా నాకు అర్థమైపోతుందని అది ఎప్పుడో కనిపెట్టింది. పిల్లలు మహా తెలివైనవాళ్ళు కదా. మెల్లమెల్లగా గొంతు మానేసింది. నేను తల ఊపుతూ, శభాష్ అంటూ, దాంతో గంటలు గంటలు కబుర్లు చెప్పాను. గొంతు మీద చెయ్యి పెట్టి నేర్పినదాన్ని, దాని గొంతు మీద నా చెయ్యి పెట్టి చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. మాటలు వచ్చిన పిల్ల నా దగ్గరే మూగదైపోయింది చెల్లీ. నా కళ్ళముందు, నేను మెచ్చుకుంటూ ఉండగా.

అక్టోబరు మొదట్లో వాళ్ళమ్మ వచ్చి బడిలో మాట్లాడటం లేదట అని ఏడిస్తే నేను కొట్టిపారేశాను. బొత్తాన్ని పిలిచి మాట్లాడించాను. గలగలా మాట్లాడింది. చూశావా అని వాళ్ళమ్మ వైపు తిరిగితే ఆవిడ నన్నే వింతగా చూస్తోంది. గుమ్మంలో నిలబడ్డ చిన్న టీచరు నా ఎదురుగా వచ్చి, నేను చూసేలా నెమ్మదిగా అంది, "టీచర్, పాప గొంతు రావడం లేదు" అని. ఆ అమ్మాయికి నా సంగతి అప్పటికే తెలుసు. ఎన్నాళ్ళ నుంచో నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఆ వారం నీకు ఒంట్లో బాగోలేదనీ జుట్టనీ రాశాను. అది మాత్రం అబద్ధమే.

నువ్వన్నట్టు నేనెప్పుడూ సీటు వదలను. ఈ ఒక్కసారి తొందరపడి వదిలాను. పిల్ల పడిపోయింది. తొందర నీదే కావచ్చు, చెయ్యి నాది.

మొన్న వెళ్ళి బొత్తాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. చాప పరిచాను. ట్రస్టుకి ఒక కాగితం రాశాను, దీంతోపాటు పెట్టాను. పన్నెండు కాదు పదకొండు అని, ఎందుకో, పరీక్ష ఎలా జరిగిందో, నాకు వినబడదన్న సంగతి అన్నీ ఉన్నాయి. దాన్ని పై వాళ్ళకి ఇస్తావో, చింపుతావో నీ ఇష్టం అనను. ఇవ్వు. చిన్న టీచరు ఉద్యోగం పోకుండా చూడగలిగితే చూడు. నా సంగతి వదిలెయ్.

మీ అక్క.


ట్రస్టు ఆఫీసు, ఆరో అంతస్తు,
డిసెంబరు 19.

అక్కా,

నీ కాగితం తొమ్మిది రోజులు నా డ్రాయరులో ఉంది. ఇచ్చేశానని అబద్ధమాడదామనుకున్నాను. సభ అయి సంతకాలు పడ్డాక ఇద్దామని కూడా అనుకున్నాను. నీ మీద ప్రేమతో కాదు, నా ఉద్యోగం మీద భయంతో. నీకే భయాలుంటాయా?

పదో రోజు ఇచ్చాను. ఇచ్చే ముందు దాని కింద నేనూ నాలుగు ముక్కలు రాశాను. అవి నీకూ తెలియాలి. మూడేళ్ళ కిందట నువ్వు పంపిన దరఖాస్తులో పన్నెండు లేదు, ఎనిమిది ఉంది. పన్నెండు చేసింది నేను. ఎనిమిదంటే కమిటీకి ఆనదని, పన్నెండంటే నిండుగా ఉంటుందని. నీకు చెప్పనైనా చెప్పలేదు, అచ్చులో వచ్చాక నువ్వు చూసి ఊరుకున్నావు. అసలు పెద్దాయన మొదట్లో అడిగింది ఎంతమంది అని కాదు. పిల్లలు మాట్లాడుతున్నారా అని. దాన్ని అంకె చేసింది మేమే.

పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. చదివి, "ఈవిడకి చెవి మిషన్ ఎవరైనా ఇచ్చారా?" అన్నారు. లేదన్నాను. మన దగ్గర అన్ని మిషన్లుండగా ఎవరికీ తోచలేదా అన్నారు. ఆయన అన్నది అంతే. కమిటీ మాత్రం చాలా అంది.

అయిదేళ్ళు పోయాయి. ఒక ఏడాది మిగిలింది. చిన్న టీచరు ఉంటుంది. నువ్వు కూడా ఉంటావు, కానీ వీపు పరీక్ష ఇకమీద బయటివాళ్ళు వచ్చి పెడతారు. అట్ట మీద ఫోటో తీసేసి ఏదో కట్టడం బొమ్మ వేశారు, మనుషులు లేకుండా. సభలో వేరే పిల్ల పద్యం చెప్పింది, బాగానే చెప్పింది. నన్ను సెంటర్ల పని నుంచి తప్పించి స్టోర్సులో వేశారు. ఇప్పుడు బల్లలు, ఫ్యాన్లు లెక్కపెడుతున్నాను. వాటికి అబద్ధాలు రావు, కాస్త ప్రాణం తెరిపినపడింది.

వెళ్ళేముందు ఒకటి సాధించాను. ఫారంలో కొత్త గడి పెట్టించాను, "తిరిగి వచ్చినవాళ్ళు" అని. వెనక్కి వచ్చిన పిల్లని చేర్చుకుంటే ఇకమీద మార్కు పోదు. నలభై సెంటర్లకీ పంపారు. నలభైలో ఒక్క సెంటరే ఆ గడిలో ఒకటి అని రాసింది. మిగతావన్నీ సున్నా.

నాలుగేళ్ళు నాతో మాట్లాడకుండా ఎలా ఉన్నావే? ఒక్క మాట రాస్తే రెక్కలు కట్టుకుని వచ్చేదాన్ని కదా. నీ మీద కోపం ఇంకా ఉంది. తగ్గాక వస్తాను.

నీ చెల్లి.


ప్రెస్ మీది గదులు,
జనవరి 22.

చెల్లీ,

నీ కోపం ఉండనీ, తొందరేం లేదు. ఎనిమిదిని పన్నెండు చేశావని తెలిశాక నాకూ రెండు రోజులు కోపం వచ్చింది. తర్వాత ఓపిక లేక వదిలేశాను. ఫ్యాన్లు సరిగ్గా లెక్కపెట్టు.

మీ బావ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. రెండు చెవులకీ మిషన్లు పెట్టి ఇరవై రోజులైంది. చెప్పకేం, మొదటి రోజు పారిపోదామనిపించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, కుర్చీ ఈడ్చితే చప్పుడు, కవరు మడిస్తే చప్పుడు. కింద ప్రెస్ మిషన్ ఇంత రాక్షసిలా అరుస్తుందని నాకు గుర్తే లేదు. పిల్లలకి మిషన్ పెట్టి, తీసేస్తుంటే చేతి మీద చిన్న దెబ్బ వేసేదాన్ని. ఆ దెబ్బలన్నీ గుర్తొచ్చాయి. నేను నా మిషన్ తీసి బల్ల మీద పెడితే ఇప్పుడు వాళ్ళు వేలు చూపించి బెదిరిస్తున్నారు.

మీ బావ అరవడం మానేశారు. మామూలుగా మాట్లాడితే ఆయన గొంతు ఎంత నెమ్మదో మర్చిపోయాను. వంటింట్లో నిలబడి ఏడ్చాను.

పలుకు పాఠాలు చిన్న టీచరుకి అప్పగించాను. నేను రాతా, పెదవుల పాఠమూ చూస్తున్నాను. బొత్తానికి రోజూ అరగంట ఇద్దరం. అది నాతో మళ్ళీ గొంతు లేకుండా మొదలుపెడుతుంది, నేను కళ్ళు మూసుకుంటాను. అది కోపంతో నేల తంతుంది. కళ్ళు తెరవను. ఇరవైరెండేళ్ళలో ఇంతకంటే కష్టమైన పని చెయ్యలేదు.

నిన్న మధ్యాహ్నం దానికి వీపు పెట్టి కూర్చున్నాను. చిన్న టీచరు కూడా నా పక్కనే గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇద్దరి చేతుల్లోనూ పలకలు. కింద మిషన్ ఆగింది. అప్పుడు వెనక నుంచి ఏదో వచ్చింది. తుప్పుపట్టిన గేటు తీసినట్టు, మొరటుగా, ఎక్కడో తెగుతూ. నేను ఇన్నేళ్ళూ దాని పెదవులు చూసి మెత్తటి గొంతు ఊహించుకున్నాను. కాదు. మామయ్య నవ్వాడంటే ఎందుకు నవ్వాడో తెలిసింది. కానీ అది గొంతు, చెల్లీ. "పలక" అంది. నేను రాశాను. వెనక్కి తిరగాలని ఎంత అనిపించిందో, తిరగలేదు.

పదికి మూడు. ఇద్దరి పలకల మీదా అవే మూడు. ఫారంలో మూడు అని రాశాను. ఏడాది తర్వాత ఈ గదులుంటాయో లేదో తెలియదు. ఉన్నన్నాళ్ళూ రోజూ అరగంట.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. ఆ టైముకి మీ బావ బాత్రూమ్‌లో ఉంటారు. నేనే ఎత్తుతాను.

మీ అక్క.